మెడమీద బిళ్ళ – ముక్కు వెనుక జబ్బు

పిల్లల మెడమీద బిళ్ళ కట్టటం కొత్త సంగతేమీ కాదు. పన్ను పుచ్చినా కడుతుంది, గొంతు నొప్పి చేసినా కడుతుంది, తలలో కురుపులు లేచినా కడుతుంది. పది పదిహేను రోజులు పోయేసరికి దానంతటది కరిగిపోతుంది. అందుచేత 2015 సంక్రాంతికి మా అక్కగారి ఊరు వెళ్ళినప్పుడు, మా మేనల్లుడి మెడకు ఎడమవైపు, చెవికి కాస్త దిగువగా నిమ్మకాయంత బిళ్ళ కనిపిస్తే నేను పెద్దగా పట్టించుకోలేదు. "ఏమిట్రా, అరిసె గొంతు దిగలేదా?" అని హాస్యమాడాను. వాడూ నవ్వాడు. నొప్పి లేదన్నాడు.

ఆ "నొప్పి లేదు" అన్నమాట దగ్గరే నేను ఆగవలసింది. ఆ సంగతి అయిదు నెలల తరువాత గాని నాకు తెలియలేదు. నాకు ఆలస్యంగా తెలిసింది చదువరులకు ముందుగా తెలిస్తే మేలు గదా అని ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

అప్పటికి వాడికి పదమూడేళ్ళు. ఊళ్ళో డాక్టరుగారు రెండు దఫాలు మందుబిళ్ళలు ఇచ్చారు. తగ్గలేదు. పట్నంలో ఇంకొక డాక్టరుగారికి చూపించారు. ఆయన చేత్తో నొక్కి చూసి, క్షయ అయి ఉంటుందని, ఆరు నెలలు మందులు వాడమన్నారు. ఆయన అనుమానాన్ని నేను తప్పుపట్టను. మన దేశంలో తగ్గని బిళ్ళ కనిపిస్తే ముందుగా తలచుకోవలసింది క్షయనే. కాని ఆ బిళ్ళలోకి సన్నటి సూది గుచ్చి, నాలుగు కణాలు తీసి, సూక్ష్మదర్శినిలో చూసి ఆ తరువాత మందు మొదలుపెడితే ఎంతో బాగుండేది. ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. మాకు పోయినవి నెలలు.

మే నెలలో సెలవులకు పిల్లవాడు హైదరాబాదు మా ఇంటికి వచ్చాడు. నాలుగు రోజులు కనిపెట్టి చూసింది మా ఆవిడ. ఎడమపక్కనుంచి పిలిస్తే వాడు పలకటం లేదు. నిద్రలో నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. ఎప్పుడూ జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడుతున్నాడు. ఒకనాటి ఉదయం తలగడమీద నెత్తుటి మరక కనిపించింది. ఎండల్లో ముక్కు వెంట నెత్తురు వస్తే వేడి చేసిందంటాము, సబ్జా నీళ్ళు పట్టిస్తాము. మేమూ పట్టించాము. కాని వీడికి నెత్తురు వస్తున్నది ఒక్క ఎడమ ముక్కునుంచే. చెవి మందగించిందీ ఎడమదే. బిళ్ళ ఉన్నదీ ఎడమవైపే. "ఇవన్నీ వేరు వేరు జబ్బులు కావేమోనండీ" అన్నది మా ఆవిడ. పెద్ద పెద్ద చదువులు చదివినవారికి తోచని మాట అది.

మర్నాడే చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆయన దీపం అమర్చిన సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి వెనక్కు పోనిచ్చి చూశారు. చూసినంతసేపూ మాట్లాడలేదు. తరువాత నన్ను పక్కకు పిలిచి, "వెనుక కండ పెరిగి ఉన్నది. ముక్క తీసి పరీక్షకు పంపుతాను" అన్నారు. వారం రోజులకు ఫలితం వచ్చింది. ముక్కు వెనుక భాగపు కేన్సరు.

కనిపించని గది

ఈ జబ్బు పుట్టే చోటు ఎక్కడో తెలిస్తే దాని లక్షణాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ముక్కు రంధ్రాలు పోయి పోయి వెనుక ఒక చిన్న గదిలో కలుస్తాయి. కొండనాలుకకు పైన, పుర్రె అడుగున ఉన్నది ఆ గది. డాక్టర్లు దానిని నేసోఫారింక్స్ అంటారు. నోరు తెరిచి చూస్తే అంగిలి అడ్డం. ముక్కులోకి తొంగి చూస్తే ఎముకలు అడ్డం. అందుకే అక్కడ కండ పెరిగినా చాలాకాలం ఎవరికీ కనపడదు.

చెవిలోపలికి గాలి తీసుకువెళ్ళే గొట్టం ఈ గదిలోనే తెరుచుకుంటుంది. కండ పెరిగి దాని మూతి మూసుకుపోతే కర్ణభేరి వెనుక నీరు చేరి ఆ చెవి మందగిస్తుంది. ముక్కు దారి మూసుకుంటే ఊపిరి ఆడదు, నెత్తురు పడుతుంది. ఈ గదినుంచి లింఫు నాళాలు మెడలోకి దిగుతాయి గనుక జబ్బు మొదట ప్రాకేది మెడబిళ్ళలకే. చాలామందిలో ఇంట్లోవాళ్ళ కంట పడే మొదటి గుర్తు కూడా ఆ బిళ్ళే. పైకి ప్రాకి పుర్రె అడుగుకు చేరితే తలనొప్పి వస్తుంది, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది, ముఖం ఒక పక్క తిమ్మిరెక్కుతుంది.

ఇది అరుదైన జబ్బు. మన తెలుగుదేశంలో చాలామంది డాక్టర్లు పిల్లలలో దీనిని ఏ ఒకటి రెండు సార్లో చూసి ఉంటారు. దీని అసలు పుట్టినిల్లు దక్షిణ చైనా; క్వాంగ్‌టుంగ్ రాష్ట్రం, హాంగ్‌కాంగ్ ప్రాంతం. ఆగ్నేయాసియాలోను, ఉత్తర ఆఫ్రికాలోను కూడా ఎక్కువే. మన దేశంలో ఈశాన్యాన, ముఖ్యంగా నాగాలాండ్‌లో, తక్కిన రాష్ట్రాల కంటె ఎక్కువగా కనిపిస్తుంది. చైనాలో ఇది ఎక్కువగా నడివయసువాళ్ళ జబ్బు. జబ్బు అంతగా లేని దేశాలలో మాత్రం పది ఇరవై ఏళ్ళ మధ్య పిల్లలలో ఒకసారి, పెద్దవయసులో ఇంకొకసారి తల ఎత్తుతుంది.

"మేమేం పాపం చేశాము డాక్టరుగారూ?" అని మా అక్క అడిగింది. ఏ తల్లి అయినా అడిగే ప్రశ్నే. దానికి ఆయన ఓపికగా జవాబు చెప్పారు. 1964లో లండనులో ఎప్‌స్టీన్, ఆచోంగ్, బార్ అనే ముగ్గురు పరిశోధకులు ఆఫ్రికా పిల్లల కణితులలో ఒక వైరస్‌ను కనిపెట్టారు. దానికి ఎప్‌స్టీన్–బార్ వైరస్ అని పేరు. పిల్లలలో వచ్చే ఈ ముక్కు వెనుక కేన్సరులో దాదాపు ప్రతిసారీ ఆ వైరస్ జాడ కనిపిస్తుంది. అయితే ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా పెద్దవయసు వచ్చేసరికి ఆ వైరస్ సోకే ఉంటుంది. వారిలో ఏ ఒక్కరికో తప్ప దానివల్ల ఇటువంటి హాని జరగదు. వంశంలోని తత్త్వం, చైనావారు చిన్ననాటినుంచి తినే ఒక రకం ఉప్పు చేప, ఇటువంటివి తోడైనచోట జబ్బు ఎక్కువ. "ఈ పిల్లవాడికే ఎందుకు వచ్చిందంటే, అమ్మా, మీరు చేసిందీ లేదు, చేయకపోయిందీ లేదు" అన్నారు. ఆ రాత్రి మా అక్క చాలారోజుల తరువాత అన్నం తిన్నది.

ఇంకొక మాట. ఈ కేన్సరు అంటుకోదు. పిల్లవాడి కంచం వేరుచేసి, చాప వేరుచేసి పెట్టిన బంధువులు మాకూ ఉన్నారు. వైరస్ అన్నమాట విని భయపడినవారూ ఉన్నారు. ఆ వైరస్ వారి ఒంట్లో ఎప్పటినుంచో ఉండే ఉంటుందని చెప్పినా నమ్మలేదు.

పసరు వైద్యమా, పెద్దాసుపత్రా

మన పెద్దవాళ్ళు కేన్సరును రాచపుండు అనేవారు. ఆ మాట వింటే చాలు, ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. మా అమ్మ అదే చేసింది. "పసివాణ్ణి కోతలకూ, కాల్పులకూ గురిచెయ్యకండి. ఉన్నన్నాళ్ళు కడుపునిండా పెట్టి చూసుకుందాం" అన్నది. మా బావగారికి ఎవరో ఒక పసరు వైద్యుడి సంగతి చెప్పారు. ఆయన మనసు అటే మొగ్గింది.

డాక్టరుగారు కోపగించలేదు. అందరినీ కూర్చోబెట్టి లెక్కలు చెప్పారు. ఇది కత్తి అందని చోట పుట్టే జబ్బు గనుక ఆపరేషను ప్రధానం కాదు. కాని రేడియేషన్ కిరణాలకు బాగా లొంగుతుంది. వెనుకటి రోజుల్లో, కిరణాలు ఒక్కటే ఇచ్చినప్పుడు, ముదిరిన దశలో వచ్చిన పిల్లలు సుమారు సగం మందే దక్కేవారు. 1998లో అమెరికాలో పెద్దవాళ్ళమీద చేసిన పరిశోధన ఫలితం వెలువడింది. కిరణాలు మాత్రమే ఇచ్చినవారిలో మూడేళ్ళకు నూటికి 47 మంది బ్రతికి ఉంటే, కిరణాలకు మందులు కూడా జతచేసినవారిలో 78 మంది ఉన్నారు. జర్మనీలో 59 మంది పిల్లలకూ, యువకులకూ ముందు మందులు, తరువాత కిరణాలు, ఆపైన ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూశారు. నూటికి తొంభైమందికి పైగా దక్కారు. ఆ తరువాత 2019లో అమెరికాలో 111 మంది పిల్లలమీద చేసిన పరిశోధన వెలువడింది. అందులోనూ అయిదేళ్ళకు నూటికి 89 మంది బ్రతికి ఉన్నారు. వీరిలో చాలామందికి జబ్బు ముదిరాకనే తెలిసింది సుమా!

"ముదిరిన జబ్బే. అయినా బాగుచెయ్యగల జబ్బు. కాని సగంలో మానేస్తానంటే మాత్రం ఇప్పుడే చెప్పండి" అన్నారు డాక్టరుగారు. బావగారు చాలాసేపు తల వంచుకుని కూర్చుని, "మానము" అన్నారు.

ఆరు నెలలు

జూన్‌లో మందులు మొదలైనాయి. సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ అనే రెండు మందులు. మూడు వారాలకు ఒక విడత చొప్పున మూడు విడతలు. మొదటిది మూత్రపిండాలను దెబ్బతీయకుండా సెలైను సీసాలు ఎక్కిస్తూ, పోసిన మూత్రమల్లా కొలిచి వ్రాసేవారు. ఆ కాగితం పని నాది. రెండో మందు రాత్రింబగళ్ళు నాలుగైదు రోజులపాటు చుక్క చుక్కగా ఎక్కుతూనే ఉండేది. వాంతులైనాయి, జుట్టు పలచబడింది, నోరు పూసింది. కాని మొదటి విడత తరువాతే మెడమీద బిళ్ళ సగానికి తగ్గింది. మా అమ్మ రోజూ తడిమి చూసుకునేది.

కిరణాలు ఇవ్వబోయే ముందు పళ్ళ డాక్టరుకు చూపించారు. పుచ్చిన పన్ను ఒకటి తీశారు. కిరణాలు తగిలిన దవడ ఎముక తరువాత సరిగా మానదు గనుక ముందే తీయాలట. చెవుల పరీక్ష, థైరాయిడ్ పరీక్ష కూడా ముందే చేసి పెట్టుకున్నారు.

తరువాత ముసుగు. వల వంటి ప్లాస్టిక్ పలకను వేడి నీటిలో మెత్తబరిచి పిల్లవాడి ముఖంమీద పరిచారు. కొద్ది నిమిషాలలో గట్టిపడి వాడి ముఖానికి సరిగ్గా అచ్చు దిగింది. రోజూ ఆ ముసుగు వేసి బల్లకు బిగిస్తారు. తల వెంట్రుకవాసి కదలకూడదు. ఎందుచేతనంటే, కిరణం తగలవలసిన చోటుకు కొద్ది దూరంలోనే మెదడు కాడ, కంటి నరాలు, లాలాజల గ్రంథులు ఉన్నవి. ఈనాటి యంత్రాలు కిరణాల తీవ్రతను చోటుకు తగినట్లు హెచ్చించి తగ్గించి, లాలాజల గ్రంథులను వీలైనంతవరకు తప్పించగలవు. పాత యంత్రాలకు ఆ నేర్పు లేదు.

వారానికి అయిదు రోజుల వంతున 34 సార్లు. పడుకున్నది కొద్ది నిమిషాలే, నొప్పి కూడా ఉండదు. రెండు వారాలు పిల్లవాడు వేడుకగానే వెళ్ళాడు. మూడో వారంలో రుచి పోయింది. కందిపప్పన్నం మట్టిలా ఉన్నదన్నాడు. నాలుగో వారానికి నోరంతా పుండు. ఉమ్మి మింగాలన్నా కళ్ళ నీళ్ళే. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పాలు, జావ పోశారు. ఆరు కిలోలు తగ్గాడు.

ఒక సోమవారం ఉదయం మంచం పట్టె పట్టుకుని, "మామయ్యా, ఇంక నేను రాను" అన్నాడు. ఎత్తుకుని వెళ్ళే వయసు కాదు. మా అక్క, "పోనీ, నాలుగు రోజులు ఆగి వెడదాంరా తమ్ముడూ, పుళ్ళు మానేదాకా" అన్నది. నాకూ అదే న్యాయమనిపించింది. డాక్టరుగారికి ఫోను చేశాను. "కలుపు సగం తీసి పది రోజులు మానేస్తే చేను ఏమవుతుంది? మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్ళీ పుంజుకుంటాయి. పుళ్ళకు మందు ఇస్తాను, నొప్పికి ఇస్తాను. తీసుకురండి" అన్నారు. బ్రతిమాలి, ఆస్పత్రిదాకా తీసుకువెళ్ళాను గాని వాడు వరండాలో బల్లమీద కూర్చుని లోపలికి కదలడు.

ఆ బల్లమీదే ఇంకొక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కొహిమా దగ్గరివాడట, హైదరాబాదులో ఉద్యోగం. అదే జబ్బు, అదే యంత్రం. మూడు నెలల కిందట ముగించుకుని పరీక్షకు వచ్చాడు. మా వాడి ముక్కులో గొట్టం చూసి హిందీలో పలకరించాడు. తనకూ నాలుగో వారంలోనే గొట్టం వేశారని చెప్పాడు. జేబులోంచి బిస్కట్ల పొట్లం తీసి, ఒకటి నోట్లో పెట్టుకుని, సీసాలో నీళ్ళు గుక్కెడు తాగి, మళ్ళీ నమిలి, మళ్ళీ గుక్కెడు తాగి మింగాడు. ఒక్క బిస్కట్టుకు చాలాసేపే పట్టింది. మా వాడు కన్నార్పకుండా చూశాడు. "నొప్పి లేదా?" అని అడిగాడు. "లేదు. రుచి కూడా కొద్దికొద్దిగా వస్తున్నది" అన్నాడు ఆ కుర్రవాడు. లోపలినుంచి పేరు పిలిచారు. మా వాడు లేచి వెళ్ళాడు.

దసరా వచ్చేసరికి 34 సార్లూ పూర్తయినాయి. దీపావళికి ఊరు చేరాము.

బ్రతికిన తరువాత

జబ్బు పోయిందనగానే కథ ముగిసిందనుకుంటాము. కాదు. ఇది తిరగబెడితే మొదటి రెండు మూడేళ్ళలోనే ఎక్కువగా తిరగబెడుతుంది. ఆ రోజుల్లో మూడు నెలలకొకసారి హైదరాబాదు ప్రయాణం. పరీక్షకు ముందు రాత్రి మా అక్క నిద్రపోయేది కాదు. రక్తంలో ఆ వైరస్ తునకలు ఉన్నాయేమో చూసే పరీక్ష కూడా ఇప్పుడు ఉన్నది. హాంగ్‌కాంగ్‌లో అదే పరీక్షను ఏ బాధా లేని ఇరవై వేల మందికి పైగా పురుషులకు చేసి, 34 మందిలో ఈ కేన్సరును పట్టుకున్నారు. చాలామందిలో తొలిదశలోనే దొరికిందని 2017లో ప్రకటించారు. జబ్బు అరుదైన మన ప్రాంతంలో అందరికీ ఆ పరీక్ష అవసరం లేదు. మనకు కావలసింది కనిపెట్టే కన్ను.

చికిత్స తన వెల తాను తీసుకుంటుంది. లాలాజలం తగ్గిపోయి నోరు ఎండుతుంది. అందువల్ల పళ్ళు త్వరగా పుచ్చుతాయి, ఫ్లోరైడు పూతలు జీవితాంతం కావాలి. దవడ బిగుసుకోకుండా రోజూ నోరు తెరిచి మూసే సాధన చెయ్యాలి. సిస్‌ప్లాటిన్ వల్లా, కిరణాల వల్లా వినికిడి తగ్గవచ్చు. థైరాయిడ్ గ్రంథి కొన్నేళ్ళకు మందగించవచ్చు. చిన్నపిల్లలయితే ఎదుగుదల కూడా కనిపెట్టి చూడాలి. వయసు వచ్చిన పిల్లలయితే, ముందు ముందు సంతానానికి ఇబ్బంది ఉంటుందా అని మందులు మొదలుపెట్టక ముందే అడగటానికి మొగమాటపడకూడదు. ఇవన్నీ తెలిసి ఉంటే చాలావరకు సర్దుకోగలిగినవే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కేన్సరు చికిత్సకు వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దానిని ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కేన్సరు ఆస్పత్రి ఉన్నది. ఖర్చుకు భయపడి పసరు వైద్యానికి పోనక్కరలేదు.

మా మేనల్లుడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటాడు. ఎడమ చెవికి యంత్రం పెట్టుకుంటాడు. ఎక్కడికి వెళ్ళినా చేతిలో నీళ్ళ సీసా. ఆవకాయ కలిపే రోజున వాడు ఇంట్లో ఉంటే, ఆ ఘాటు చూసి నోరూరక బాధపడతాడేమోనని మా అక్క చాలా ఏళ్ళు జాడీ దాచేది. కిందటి వేసవిలో వాడే జాడీ తీసి, ముద్దపప్పూ, చారెడు నెయ్యీ పోసుకుని, ఒక్క ముద్ద ఆవకాయతో తిన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే బాగుందన్నాడు.

మొన్న బంధువుల ఇంట పెళ్ళిలో ఒకావిడ తన కూతురి మెడమీద బిళ్ళ చూపించి, "ఏం లేదులెండి, నెల రోజులనుంచి ఉన్నది. నొప్పి కూడా లేదు" అన్నది. నేను ఏదో అనబోయేలోగా మా వాడే అందుకుని, "నొప్పి లేకపోతేనే చూపించాలి, పిన్నీ. చెవి బాగా వినిపిస్తోందా? ముక్కునుంచి నెత్తురేమైనా పడుతోందా?" అని అడిగాడు. మూడు వారాలు దాటినా తగ్గని బిళ్ళను సూది పరీక్ష చేయించకుండా వదలకూడదని చెప్పి, దగ్గరుండి ఆస్పత్రికి పంపించాడు.

పరీక్ష చేశారు. ఆ పిల్లకు వచ్చింది క్షయే. మందులు వాడుతున్నది, బిళ్ళ కరిగిపోతున్నది.